సత్యవ్రతుని చేప

భాగవతము అష్టమ స్కంధములో మత్స్యావతార కథ ఉన్నది. ద్రవిడ దేశపు రాజైన సత్యవ్రతుడు కృతమాలా నదిలో నిలిచి తర్పణము విడుచుచుండగా ఆయన దోసిటి నీటిలోనికి ఒక చిన్న చేపపిల్ల వచ్చినది. ఆయన దానిని తిరిగి నదిలో విడువబోగా, పెద్ద జలచరములు తనను మ్రింగివేయునని, కాపాడుమని అది వేడుకొన్నది. రాజు దయతలచి దానిని కమండలువులో ఉంచి ఇంటికి తెచ్చినాడు. తెల్లవారునప్పటికి కమండలువు దానికి చాలలేదు. పెద్ద పాత్రలోనికి మార్చినాడు, అదియు చాలలేదు. కొలనులో విడిచినాడు, సరస్సులో విడిచినాడు. చివరకు సముద్రమే దానికి తగిన చోటైనది.

ఈ కథను పండితులు ప్రళయ గాథగా, అవతార మహిమగా వ్యాఖ్యానింతురు. అది సరియే. కాని ఇందులో మరొక చిన్న సంగతి కూడ ఉన్నది. చేపను ఇంటికి తెచ్చి పెంచినవాడుగా మన వాఙ్మయములో కనిపించు తొలివారిలో సత్యవ్రతుడు ఒకడు. "ఈ చోటు నాకు చాలదు" అని చేప చెప్పిన ప్రతిసారియు ఆయన విన్నాడు. పాత్రకు తగినట్లు ఒదిగి ఉండుమని చేపతో అనలేదు. చేపకు తగినట్లు పాత్రను మార్చినాడు. అది భగవంతుడని ఆయనకు అప్పటికి తెలియదు. తన దోసిటిలో పడిన ఒక ప్రాణి అని మాత్రమే తెలియును. ఆ మాత్రపు తెలివి ఆయనకు చాలినది.

నేడు మన పట్టణములలో, పల్లెలలో సైతము, చేపలను గాజు తొట్టెలలో పెంచు వేడుక బాగుగా వ్యాపించినది. ముందుగదిలో టెలివిజను పక్కన, వైద్యుని నిరీక్షణ గదిలో, హోటలు గల్లాపెట్టె చెంత, పాఠశాలలో ప్రధానోపాధ్యాయుని బల్లపై అక్వేరియం కనిపించుచున్నది. ఇది చెడ్డ వేడుక కాదు. ఎర్రని, పసుపుపచ్చని చేపలు నీటిలో మెల్లగా తిరుగుచుండగా చూచుట కంటికి ఇంపు, మనసుకు విశ్రాంతి. పిల్లలకు ప్రాణుల యెడ ప్రేమ కలిగించుటకు ఇంతకంటె సులువైన సాధనము లేదని తల్లిదండ్రులు తలంచుట కూడ సహజమే. కాని ఈ వేడుక సాధారణముగా నడుచు తీరు చూచినచో, ప్రేమ కంటె ఎక్కువగా పిల్లలకు నేర్పబడుచున్నది మరొక పాఠమేమో యని శంక కలుగక మానదు.

ఆ తీరు అందరికిని తెలిసినదే. పిల్లవాని పుట్టినరోజు వచ్చును. అంగడిలో గుండ్రని గాజు గిన్నె, రంగురాళ్ళు, ప్లాస్టిక్ మొక్క, మేత డబ్బా, రెండు బంగారు చేపలు ఒకేసారి కొందురు. చేపలు నీరు నింపిన ప్లాస్టిక్ సంచిలో ఇల్లు చేరును. ఆ సాయంత్రమే కుళాయి నీరు పట్టి అందులో వాటిని విడుతురు. చూడవచ్చిన ప్రతి బంధువును చిటికెడు మేత వేయును. మూడవనాటికి నీరు మసకబారును. గిన్నెను సబ్బుతో తోమి క్రొత్త నీరు పోయుదురు. వారము తిరుగకముందే ఒక చేప పైకి తేలును. మరి నాలుగు దినములకు రెండవది. పిల్లవాడు ఏడ్చును. "పోనీలే నాన్నా, వేరే చేపలు కొందాము" అని పెద్దవారు ఊరడింతురు. మరునాడు కొందురు కూడ.

ఈ ఊరడింపు మాటలోనే చిక్కు ఉన్నది. ప్రాణము పోయినచో దాని స్థానములో మరొకటి కొనవచ్చునని పిల్లవాడు నేర్చుకొన్నాడు. ఏల పోయినదని అడుగుట మాత్రము నేర్చుకొనలేదు. చేపల ఆయుర్దాయమే అంతయని పెద్దవారు నిజముగానే నమ్ముదురు. కాని బంగారు చేప సరియైన నీటిలో 10 సంవత్సరములకు పైగా, పెక్కు సందర్భములలో 20 సంవత్సరముల వరకు, బ్రతుకగలదు. పది సంవత్సరములు బ్రతుకవలసిన ప్రాణి పది దినములలో పోవుచున్నదనగా అది ఆయువు తీరి పోవుట కాదు.

అసలు ఈ గాజు తొట్టె ఎట్లు పుట్టినదో కొంచెము చూడవలెను. 1832లో సిసిలీ ద్వీపమునందు నివసించుచుండిన ఫ్రెంచి మహిళ జాన్ విల్‌ప్రూ పవర్ సముద్రప్రాణులను సజీవముగా పరిశీలించుటకై గాజు తొట్టెలు చేయించెను. ఆర్గోనాట్ అను జలచరము తన గుల్లను తానే నిర్మించుకొనునా, లేక వేరొక ప్రాణి గుల్లను ఆక్రమించునా అన్న చిరకాల సందేహమును ఆమె ఆ తొట్టెలలో తీర్చినది. అటు తరువాత 1850లో లండనులోని రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ ఒక ప్రయోగమును ప్రకటించెను. నీటిలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అను నీటిమొక్కను ఉంచినాడు. మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడసాగినది. అప్పుడాయన కొన్ని చెరువు నత్తలను అందులో విడిచినాడు. నత్తలు కుళ్ళిన ఆకులను తినివేసినవి, నీరు తేటపడినది, చేప, మొక్క, నత్త ఒకదానిపై ఒకటి ఆధారపడి నిలిచినవి. గాజు తొట్టెలో ఆయన చూపినది అలంకారము కాదు. ప్రకృతిలోని ఇచ్చిపుచ్చుకొను ధర్మము.

1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజల కొరకు మత్స్యశాల తెరవబడినది. మరుసటి సంవత్సరము ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథము మూలమున అక్వేరియం అన్న పేరు ఇంటింటికి ప్రాకినది. ఇంగ్లండులో అది ఒక వెర్రిగా మారినది. జనులు తట్టలతో సముద్రతీరమునకు పోయి, రాళ్ళ నడుమ మడుగులలోని ప్రాణులను ఏరి తెచ్చుకొనిరి. ఆ గాస్ కుమారుడైన ఎడ్మండ్ గాస్ పేరుపొందిన సాహిత్య విమర్శకుడు. తన తండ్రి పుస్తకములు కలిగించిన ఉత్సాహమే ఆ తీరపు అందమును తుడిచిపెట్టినదని 1907లో వెలువడిన తన ఆత్మకథాత్మక గ్రంథములో ఆయన ఆవేదనతో వ్రాసినాడు. ప్రేమతో మొదలైన పని వినాశముగా ముగియుటకు నడుమ లోపించినది విచక్షణ ఒక్కటే. నూటయేబది ఏండ్ల తరువాత మన ముందుగదులలో జరుగుచున్నదియు అదే కథ.

చేపలు ఏల చచ్చుచున్నవి? ఈ ప్రశ్నకు సమాధానము చేపలో లేదు, నీటిలో ఉన్నది. చేప విడుచు మలినములలో ముఖ్యమైనది అమోనియా. అది అధిక భాగము మొప్పల ద్వారానే నీటిలో కలియును. మిగిలిపోయిన మేత కుళ్ళినను అదియే పుట్టును. అమోనియా చేపకు విషము. అది మొప్పలను కాల్చివేయును. నదిలో, చెరువులో ఈ విషమును హరించు సూక్ష్మజీవులు రాళ్ళపైన, ఇసుకపైన, మొక్కలపైన వ్యాపించి ఉండును. వాటిలో ఒక తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. మరియొక తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును. అది అంత హానికరము కాదు, మొక్కలకు ఆహారము. రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున ఈ జీవులను వేరుచేసి చూపినాడు. క్రొత్త గాజు తొట్టెలో ఈ కంటికి కనబడని సేవకులు లేరు. వారు వచ్చి, తగినంత సంఖ్యలో స్థిరపడుటకు సుమారు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. మనము మొదటినాడే చేపలను విడుచుచున్నాము. పాకీవాడు లేని ఊరికి ప్రజలను తరలించినట్లున్నది ఈ పని.

ఇంతకంటె విచిత్రమైనది మన శుభ్రత. నీరు మసకబారగానే తొట్టెను పూర్తిగా ఖాళీచేసి, రాళ్ళను వేడినీటితో కడిగి, వడపోత యంత్రములోని స్పంజిని కుళాయి క్రింద పిండి, మెరయునట్లు తుడిచి, తాజా నీరు నింపుదురు. చూచువారు "ఎంత శుభ్రముగా ఉన్నది!" అందురు. కాని అప్పుడప్పుడే నిలదొక్కుకొనుచున్న సూక్ష్మజీవులన్నియు ఆ కడుగుటలో కొట్టుకొనిపోయినవి. కుళాయి నీటిలోని క్లోరిను మిగిలిన వాటిని చంపినది. చేపల మొప్పలను కూడ బాధించినది. తొట్టె మరల మొదటినాటి స్థితికి వచ్చినది. శుభ్రము చేసి చంపుట అన్నది వినుటకు వింతగా నుండును గాని, ఇండ్లలోని చేపల మరణములకు ముఖ్య కారణములలో ఇది ఒకటి. చేయవలసినది సులువైన పని: వారమునకొకసారి నాలుగవ వంతు నీరు తీసి, అంతే నీరు పోయవలెను. పోయు నీటిని ఒక దినము ముందుగా వెడల్పైన పాత్రలో పట్టి ఉంచినచో సాధారణముగా క్లోరిను ఎగిరిపోవును. వడపోత స్పంజిని తొట్టెనుండి తీసిన నీటిలోనే మెల్లగా పిండవలెను. మిగిలిన పనిని కంటికి కనబడనివారు చూచుకొందురు.

ఈ విషయము తెలుగువారికి క్రొత్తగా నేర్పవలసినది కాదు. మంచినీటి చేపల పెంపకములో ఆంధ్రప్రదేశ్ దేశములోనే అగ్రస్థానమున ఉన్నది. కైకలూరు, ఆకివీడు ప్రాంతముల చెరువుగట్లపై నిలిచిన రైతును అడిగినచో, చేప సంగతి చెప్పుటకు ముందు నీటి సంగతి చెప్పును. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరచుచున్నవనగా నీటిలో ప్రాణవాయువు తగ్గినదని అతనికి తెలియును. వెంటనే యంత్రములు పెట్టి నీటిని చిలుకును. అమోనియా పరీక్ష చేయించును. మబ్బు పట్టిననాడు మేత తగ్గించును. చేపలు అతనికి పంట; కొన్ని నెలలలో అమ్మివేయును. అయినను వాటి నీటిని అతడు కంట కనిపెట్టి ఉండును. చేపలను ప్రేమించుచున్నామని చెప్పుకొను గృహస్థుడు మాత్రము తన గిన్నెలోని నీటిని ఒకనాడును పరీక్షింపడు. లాభము కొరకు పెంచువానికి ఉన్న శ్రద్ధ ప్రేమతో పెంచువానికి లేకపోవుట ఆలోచింపదగిన విషయము.

మన ఇండ్లలో అన్యాయమునకు గురియగు చేపలలో ముందు చెప్పవలసినవి రెండు. మొదటిది బంగారు చేప. చైనావారు వేయి సంవత్సరములకు పైగా ఎన్నికచేసి పెంచిన జాతి ఇది. చల్లని నీటి చేప. పూర్తిగా ఎదిగినచో జానెడు పొడవు అగును. దీనిని మూతి ఇరుకైన గుండ్రని గిన్నెలో ఉంచుచున్నాము. నీటిలోనికి ప్రాణవాయువు వచ్చునది ఉపరితలము నుండి. మూతి ఇరుకైనకొలది ఉపరితలము తగ్గును, గాలి తగ్గును. పైగా వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా ఇముడును. 20 డిగ్రీల వేడిలో లీటరు నీటికి సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీలలో ఏడున్నర మిల్లీగ్రాములే ఇముడును. మన మే నెలలో రెంటచింతలలోనో రామగుండములోనో ఒక కిటికీ పక్కన ఉన్న గాజు గిన్నె సంగతి వేరే చెప్పనక్కరలేదు. గిన్నె పైభాగమున నోరు తెరచి మూయుచున్న చేపను చూచి, "మనతో మాట్లాడుచున్నది" అని ఇంటివారు మురియుదురు. అది నిజముగానే మాట్లాడుచున్నది. అనుచున్న మాట మాత్రము సత్యవ్రతుని చేప అన్న మాటయే.

రెండవది ఫైటర్ చేప. థాయ్‌లాండ్ దేశము 2019లో దీనిని తన జాతీయ జలచరముగా ప్రకటించినది. మన కొరమీను వలె ఇదియు గాలిని నేరుగా పీల్చుకొనగలదు. అందుకు దీని తలలో ప్రత్యేకమైన అవయవము కలదు. ఆ శక్తి దీనికి శాపమైనది. గాలి పీల్చును గనుక చావదని, అంగడివారు దీనిని పచ్చడి సీసాయంత పాత్రలో పెట్టి వరుసగా పేర్చుదురు. కొన్నవారు అదే సీసాను బల్లపై పెట్టుకొందురు. ఇది పుట్టి పెరుగు వరిమళ్ళలో నీరు లోతు తక్కువే గాని, విరివి తక్కువ కాదు. జానెడు లోతులో నున్నను దానికి మడి అంత మేర ఉన్నది. ఓర్చుకొనగలదు గనుక బాధ లేదనుట న్యాయము కాదు. ఓర్పును సౌఖ్యముగా లెక్కవేయు అలవాటు మనకు చేపల విషయములోనే కాదు, మనుష్యుల విషయములోను ఉన్నది.

ఇక మేత. పిల్లల ప్రేమ అంతయు మేతలోనే ప్రకటితమగును. గుడి కోనేటిలో బొరుగులు వేసి చేపలు గుంపులుగా వచ్చుట చూచి ఆనందించిన జాతి మనది. కాని కోనేరు వేరు, గిన్నె వేరు. బంగారు చేపకు జీర్ణాశయము అని వేరుగా చెప్పదగిన సంచియే లేదు. కొంచెము కొంచెముగా తినుట దాని స్వభావము. రెండు మూడు నిమిషములలో పూర్తిగా తినివేయునంత మేత, దినమునకు ఒకటి రెండు మార్లు వేసినచో చాలును. అడుగున పడినదంతయు కుళ్ళి విషమగును. ఆరోగ్యముగా ఎదిగిన చేప రెండు మూడు దినములు మేత లేకున్నను నిలువగలదు; కుళ్ళిన నీటిలో ఒక దినము నిలువలేదు. కడుపునిండ పెట్టుటయే ప్రేమ అని నమ్మిన మన ఇండ్లలో, తగ్గించి పెట్టుట కూడ ప్రేమయే యని నేర్చుకొనుటకు ఈ గాజు తొట్టె మంచి బడి.

చేపల మరణము చుట్టు ఒక నమ్మకము కూడ అల్లుకొన్నది. ఇంటికి రాబోవు కీడును చేప తనపై వేసుకొని ప్రాణము విడిచినదని పలువురు చెప్పుకొందురు. ఫలానా దిక్కున ఇన్ని చేపలుంచినచో ధనము నిలుచునని చెప్పువారును ఉన్నారు. ఒకరి నమ్మకమును పరిహసించుట మర్యాద కాదు. కాని ఈ నమ్మకము ఇంటివారికి చేయుచున్న ఉపకారమేమో గమనింపవలెను. చేప చచ్చినచో కారణము వెదుకవలసిన పని లేకుండ పోవును. తప్పు చేసినవాడు తప్పించుకొనును. పైగా చచ్చిన చేపకు త్యాగి అన్న బిరుదు దొరకును. ఇది పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము అన్న సామెతను కూడ దాటిపోయినది. చెలగాటమాడిన పిల్లి, ఎలుక తన క్షేమము కొరకే మరణించినదని చెప్పుకొనినట్లున్నది. నీరు చెడి చచ్చిన చేపను గూర్చి, "నీరు చెడి చచ్చినది, చెరచినది మనము" అని పిల్లల ఎదుట ఒప్పుకొనుట మొదట కష్టమే. ఆ ఒప్పుకోలు తరువాతనే రెండవ చేప బ్రతుకును.

"చేపకు బాధ ఏమి తెలియును?" అని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులును అడిగినారు. 2003లో బ్రిటనులో లిన్ స్నెడ్డన్ మొదలగు పరిశోధకులు ట్రౌట్ చేప తలభాగమున బాధను గ్రహించు నాడీకొనలు ఉన్నవని నిరూపించిరి. చేపకు మూడు క్షణముల జ్ఞాపకము మాత్రమే యన్న మాటయు కల్లయే. మేత వేయు వేళను, మేత వేయు మనిషిని అది గుర్తుపట్టుట చేపలు పెంచిన ప్రతి ఇంటివారును ఎరుగుదురు. బాధ మనవలె తెలియునా, వేరు విధముగా తెలియునా అన్న చర్చ ఇంకను సాగుచున్నది. సాగనిండు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని అడిగిన మన పెద్దలు, కాకి వైపు నుండి కాక ఎద్దు వైపు నుండి చూడుమని చెప్పినారు.

ఈ విషయమున మన చట్టము కూడ మౌనముగా లేదు. నర్తకీమణియు కళాక్షేత్ర సంస్థాపకురాలును అయిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా నుండి పశుపక్ష్యాదుల యెడ క్రూరత్వమును నివారించుటకు బిల్లు ప్రతిపాదించెను. ఆమె కృషి మూలమున 1960లో జంతుహింస నివారణ చట్టము వచ్చినది. ఆ చట్టములో జంతువు అనగా మనుష్యుడు గాక మిగిలిన ఏ ప్రాణియైనను. కదలుటకు తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని పంజరములోనే గాని, మరి ఏ ఇతర పాత్రలోనే గాని ప్రాణిని బంధించుట నేరమని అందు చెప్పబడినది. ఆ నిబంధనను చదివినవారికి ఫైటర్ చేప సీసా జ్ఞప్తికి రాక మానదు. చట్టము ఇంటింటికి వచ్చి సీసాలను కొలువజాలదు. ఆ కొలత ఇంటివారి మనసులోనే జరుగవలెను.

విసుగు పుట్టిన తరువాతి కథ మరొకటి ఉన్నది. తొట్టె అద్దములకు పట్టిన పాచిని తినునని దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఒక జాతి చేపను అంగళ్ళలో అమ్ముదురు. కొన్నప్పుడు అది వేలెడు. సంవత్సరములు గడచిన కొలది అడుగుకు మించి పెరుగును. తొట్టె చాలక, చంపుటకు చేతులు రాక, దయగలవారు దానిని తీసికొనిపోయి చెరువులోనో కాలువలోనో విడుతురు. తాము సత్యవ్రతుని వలె చేసితిమని వారి తృప్తి. కాని సత్యవ్రతుడు నదిలోని చేపను మరల ఆ నీటి వంశమునకే చేర్చినాడు. వీరు ఒక ఖండపు చేపను మరొక ఖండపు నీటిలో విడిచినారు. దాని ఒంటినిండ గట్టి పెంకు, ముళ్ళు. ఇక్కడి చేపలు దానిని తినలేవు. తెలుగు నేలపై చెరువులలో, కాలువలలో ఇది పెరిగిపోయి బెస్తవారి వలలను చింపుచున్నది. జనులు దానికి దయ్యపు చేప అని పేరు పెట్టినారు. ముందుగదిలో ఒకరి వేడుక, వీధి చివర కాలువలో మరొకరి కూటికి గండమైనది. పెంచలేని చేపను అంగడివానికి తిరిగి ఇయ్యవచ్చును, పెంచగలవారికి ఇయ్యవచ్చును, నీటిలో విడువరాదు.

ఇన్ని చెప్పిన తరువాత, చేపలను అసలే పెంచరాదనుట న్యాయము కాదా యని అడుగువారుందురు. ఆ పక్షమునకు బలము లేకపోలేదు. కేరళ నదులలో పుట్టి, మిస్ కేరళ అని పేరుపొందిన చేప అక్వేరియం వ్యాపారము కొరకు విచ్చలవిడిగా పట్టబడి అపాయములో పడిన జాతుల పట్టికకెక్కినది. ఇట్టి చేపలను నదినుండి పట్టి తెచ్చి అమ్మినచో కొనకుండుటయే ధర్మము. చేపలను తినువారు తొట్టెలోని చేపపై జాలి చూపుట కపటము కాదా యని అడుగువారును ఉందురు. చేపను తినువాడు తాను దానికి సంరక్షకుడనని చెప్పుకొనడు. పెంచువాడు చెప్పుకొనుచున్నాడు. చెప్పుకొన్న మాటకు కట్టుబడుమనియే అతనిని అడుగుచున్నది.

కనుక మధ్యే మార్గమొకటి ఉన్నది. పెంచదలచినవాడు చేపకంటె ముందు నీటిని పెంచవలెను. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టెలో 54 లీటర్ల నీరు పట్టును. గాజు, రాళ్ళు కాక నీటి బరువే 54 కిలోలు. గట్టి పీట కావలెను. అట్టి తొట్టెలో వడపోత పెట్టి, మొక్కలు నాటి, నెలదినములకు పైగా నీటిని పక్వము కానిచ్చి, అటుపై చిన్న జాతి చేపలను కొద్దికొద్దిగా విడువవలెను. మత్స్యన్యాయము తొట్టెలోను చెల్లును గనుక పెద్ద నోటి చేపను చిన్న చేపతో కలుపరాదు. పెద్ద తొట్టె కష్టమని, చిన్న గిన్నె సులభమని లోకుల భ్రమ. నిజము దీనికి విపర్యయము. నీరు ఎక్కువైనకొలది అది చెడుటకు కాలము పట్టును. తప్పు దిద్దుకొనుటకు వ్యవధి దొరకును. చిన్న గిన్నె ఒక్క తప్పును కూడ మన్నింపదు. ఇంత చేయుటకు వీలులేనివారు కోనేటి గట్టున కూర్చుండి చేపలను చూచి ఇంటికి రావచ్చును. అందులో లోపమేమియు లేదు.

ఈ విద్యకు పాఠశాల తగిన చోటు. అనేక పాఠశాలలలో అక్వేరియం ప్రదర్శన వస్తువుగా ఉన్నది. ప్రముఖులు వచ్చిననాడు తుడిచిపెట్టబడును, వేసవి సెలవులలో మరువబడును. జూన్ మాసములో తలుపు తీసినప్పుడు కనిపించునది పిల్లలకు చూపదగినది కాదు. దానికి బదులు తొట్టెను ఒక తరగతికి అప్పగించవచ్చును. ప్రక్కన ఒక నోటు పుస్తకము ఉంచవచ్చును. ఈనాడు నీటి వేడి ఎంత, చేపలెన్ని, మేత ఎవరు వేసిరి, నీరు ఎంత మార్చిరి, ఏ చేప తీరు మారినది అని దినదినము వ్రాయింపవచ్చును. సెలవులలో ఎవరి బాధ్యతయో ముందుగా నిర్ణయింపవలెను. నిర్ణయింపలేని పాఠశాల చేపలను తేకుండుట మంచిది. రసాయన శాస్త్రములోని అమోనియా, జీవశాస్త్రములోని సూక్ష్మజీవులు, గణితములోని ఘనపరిమాణము ఆ తొట్టె చుట్టు ఒకచోట చేరును. తెలుగు ఉపాధ్యాయునికి కూడ అక్కడ పని ఉన్నది. చూచినది చూచినట్లు, ఉత్ప్రేక్ష లేకుండ, పది వాక్యములలో వ్రాయించుటకు అంతకంటె మంచి వస్తువు దొరకదు. ఒక చేప చచ్చినచో ఆ సంగతియు పుస్తకములో కారణముతో సహా ఎక్కవలెను. ఆ పుట వ్రాసిన బాలుడు వేరే చేపను కొందామన్న మాటను అంత తేలికగా అనలేడు.

చేప తన గుడ్లను చూపుతోనే పొదుగునని, తన పిల్లలను చూపుతోనే పెంచునని మన పెద్దల నమ్మకము. పక్షి స్పర్శతో, తాబేలు తలపుతో, మీనము చూపుతో సంతానమును పోషించునందురు. మధుర మీనాక్షి పేరునకు ఈ అర్థమును చెప్పువారు కలరు; కంటిచూపుతోనే లోకమును కాపాడు తల్లి అని. జీవశాస్త్రము ఈ మాటను ఒప్పుకొనకపోవచ్చును. కాని చేపను పెంచు మనిషికి మాత్రము ఇది అక్షరాల వర్తించును. చేపను ఎత్తుకొని లాలింప వీలులేదు, పిలిచి పలుకరింప వీలులేదు. అది అరువదు, మూలుగదు, గీరదు. రెక్క ముడుచుకొన్నదా, రంగు వెలసినదా, ఒంటిపై ఉప్పురవ్వల వంటి తెల్లని చుక్కలు లేచినవా, పైకి తేలి నోరు తెరచుచున్నదా అని చూచుటయే దానిని పెంచుట.

సత్యవ్రతుని చేప నోరు తెరచి మాట్లాడినది గనుక ఆయనకు పని సులువైనది. మన ఇండ్లలోని చేపలు మాట్లాడవు. వాటికి చోటు చాలినదో లేదో వాటి తరఫున మనమే చూచి తెలిసికొనవలెను.